క్లోరిన్‌లోని ఆ అర

పూర్వ విద్యార్థుల సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు నాకు మొదట గుర్తుకు వచ్చింది ఒక దశాంశ భిన్నం. తొమ్మిదో తరగతిలో, కేంద్రకంలోని ప్రోటాన్ల సంఖ్యకు న్యూట్రాన్ల సంఖ్యను కలిపితే ద్రవ్యరాశి సంఖ్య వస్తుందని చెప్పిన మాస్టారే, మరునాడు క్లోరిన్ పరమాణు భారం 35.5 అని నల్లబల్ల మీద రాశారు. 17 ప్రోటాన్లు తీసివేస్తే పద్దెనిమిదిన్నర మిగులుతోంది. "న్యూట్రాన్‌లో సగం కూడా ఉంటుందా, మాస్టారూ?" అని అడిగాను. తరగతంతా నవ్వింది కానీ ఆయన నవ్వలేదు.

క్లోరిన్‌లో 18 న్యూట్రాన్లున్న పరమాణువులూ, 20 ఉన్నవీ కలిసే ఉంటాయని చెప్పి, వాటి భారాల సగటు కట్టమన్నారు. నేను తడుముకోకుండా 36 అన్నాను. "రెండు రకాలూ సమానంగా ఉన్నాయని నీకెవరు చెప్పారురా?" అన్నారు. ప్రతి నాలుగింటిలో దాదాపు మూడు 35వి, ఒకటి 37ది. మొత్తం 142ను నాలుగుతో భాగిస్తే 35.5 వచ్చింది. అంత భారమున్న క్లోరిన్ పరమాణువు ఒక్కటి కూడా లేదని అప్పుడు తెలిసింది. ఒక మూలకపు పరమాణువులన్నీ ఒకే బరువుతో ఉంటాయన్న డాల్టన్ సూత్రాన్ని అంతకు ముందు వారమే బట్టీ పట్టాం!

ఎలక్ట్రాన్ల అమరిక రెండింటిలోనూ 2, 8, 7 కనుక రసాయన చర్యల్లో వాటిని వేరు చేయడం దాదాపు అసాధ్యమనీ, ఆవర్తన పట్టికలో ఒకే గడిలో ఉంటాయి కనుకనే సమస్థానీయాలు (ఐసోటోపులు) అన్నారనీ వివరించారు. మన పుస్తకాలు న్యూట్రాన్‌ను ముందు, ఐసోటోపులను తరువాత చెబుతాయి; జరిగింది అందుకు తలకిందులు. సాడీ ఐసోటోపు అన్న మాటను వాడింది 1913లో, పరమాణువులను బరువును బట్టి వేరు చేసి చూపే మాస్ స్పెక్ట్రోగ్రాఫ్‌ను ఆస్టన్ నిర్మించింది 1919లో, చాడ్విక్ న్యూట్రాన్‌ను కనుగొన్నది 1932లో. బరువుల్లో తేడా ఎందుకో సరిగా తెలియకుండానే ఆ తేడాను కొలిచారన్నమాట. పాఠాన్ని ఈ వరుసలోనే చెప్పాలని నేటికీ నా అభిప్రాయం.

గంట కొట్టాక, వెళుతూ వెళుతూ మాస్టారు నా వైపు తిరిగి, రెండు పరమాణువులుండే క్లోరిన్ అణువు భారం 71 కదా, అంత బరువున్న అణువు ఏదో రేపు చెప్పమన్నారు. ఆ రాత్రి జతలన్నీ వేసి చూశాను. పదహారు అణువుల్లో తొమ్మిది 70వి, ఆరు 72వి, ఒకటి 74ది; సగటు సరిగ్గా 71. మరునాడు లేచి నిలబడి, "ఏదీ లేదు, మాస్టారూ" అన్నాను. ఈసారి ఆయన నవ్వారు.