మైనస్ 28లో ఎండ

కెనడాలోని విన్నిపెగ్‌లో డిసెంబరు నెలలో పొద్దు పొడిచేసరికి ఎనిమిదింబావు దాటుతుంది. సాయంత్రం నాలుగున్నరకల్లా కుంకిపోతుంది. మబ్బేస్తే ఆ కాస్త పగలూ లేనట్టే. మా కోనసీమలో ఎంత చలికాలమైనా పదకొండు గంటల పగలుంటుంది. ధనుర్మాసంలో మంచు పట్టినా తొమ్మిదింటికల్లా పెరట్లో ఎండ పడాల్సిందే. అరవై దాటేదాకా ఆ ఎండలోనే బతికినవాణ్ణి, అక్టోబరులో మా ఆవిడతో కలిసి అబ్బాయి దగ్గరికి వెళ్ళాను.

చలి గురించి అందరూ భయపెట్టారు. చలి నన్నేమీ చెయ్యలేదు. ఇంట్లో హీటరుంటుంది, బయటికెళ్తే నిలువెల్లా కోట్లు. అక్కడ కారు ఇంజనుకి కూడా రాత్రిపూట కరెంటు ప్లగ్గు పెడతారు, లేకపోతే పొద్దున్న స్టార్టవదు. నన్ను మంచానికి అంటించింది చీకటి.

నవంబరు చివర్లో మొదలైంది. తెల్లారకముందే లేచి ఏటిగట్టు మీద తిరిగొచ్చే అలవాటున్న మనిషిని, పదింటికి కూడా లేవలేకపోయేవాణ్ణి. లేచినా సోఫా దాకానే. అన్నం మీద అన్నం, ఆపైన తీపి. కోడలు మనవరాలి కోసం దాచిన బిస్కెట్లు వెతుక్కుని మరీ తినేవాణ్ణి. ప్యాంటు బొత్తాం పట్టడం మానేసింది. తిండి సహించకపోతే జబ్బుగాని ఇంతింత తినడం జబ్బేమిటని మా ఆవిడ అనుమానం. ఆవిడకి మాత్రం అదే ఇంట్లో, అదే చీకట్లో ఏమీ కాలేదు, సుబ్బరంగా ఉంది.

వీటన్నిటికంటే ఘోరం, దేని మీదా ధ్యాస లేకపోవడం. ఒక ఆదివారం రెడ్, అసినిబోయిన్ నదులు కలిసేచోటికి తీసుకెళ్ళారు. రెండూ గడ్డకట్టేశాయి, జనం వాటి మీద స్కేటింగ్ చేస్తున్నారు. "తాతా, మనం నది మీద నడుస్తున్నాం!" అని మనవరాలు గంతులేస్తోంది. గోదారి పాయల మధ్య పుట్టిన వాడికి అంతకన్నా వింత ఏముంటుంది? నాకు ఇంటికెళ్ళి పడుకోవాలనిపించింది.

కనుమనాడు తమ్ముడు జగ్గన్నతోట ప్రభల తీర్థం వీడియో కాల్లో చూపించాడు. ప్రభల్ని భుజాల మీద మోస్తూ కౌశిక ఏరు దాటిస్తున్నారు. "చూశాలే, ఉంటాను" అని పెట్టేశాను. ఆ రాత్రే మా ఆవిడ అబ్బాయిని కూర్చోబెట్టి చెప్పింది: "మీ నాన్నగారిది ఇంటి బెంగ కాదురా. డాక్టరుకి చూపించు."

డాక్టరు నెమ్మదిగా మాట్లాడే మనిషి. థైరాయిడ్, బీ12, హిమోగ్లోబిన్, డీ విటమిన్ పరీక్షలు రాసింది. డీ తప్ప అన్నీ బాగానే ఉన్నాయి. అంత ఉత్తరాన చలికాలంలో సూర్యుడు బాగా వాలిపోయి ఉంటాడు కాబట్టి, చర్మం డీ తయారుచేసుకోవడానికి కావలసిన కిరణాలు నేల దాకా సరిగ్గా రావట. దానికి మాత్రలిచ్చింది. కానీ ఎక్కువసేపు అడిగింది నిద్ర గురించే. ఎన్నింటికి పడుకుంటున్నారు, ఎన్నింటికి లేస్తున్నారు, ఊళ్ళో ఎప్పుడైనా ఇలా ఉందా అని. చచ్చిపోవాలనిపిస్తోందా అని కూడా సూటిగా అడిగింది. అబ్బాయి దాన్ని తెలుగులో చెప్పలేక నీళ్ళు నమిలాడు. నాకు ఆపాటి ఇంగ్లీషు వచ్చు, "నో" అన్నాను.

సీజనల్ అఫెక్టివ్ డిజార్డర్ అని తేల్చింది, అంటే ఏటా ఒక కాలంలో, ఎక్కువగా చలికాలంలో, వచ్చిపోయే డిప్రెషన్. 1984లో అమెరికాలో నార్మన్ రోసెంతాల్ అనే డాక్టరూ ఆయనతో పనిచేసేవాళ్ళూ దీన్ని వివరంగా రాశారు. డిప్రెషన్‌లో చాలామందికి నిద్ర పట్టదు, ఆకలెయ్యదు. ఇందులో తరచూ దానికి తిరగబడి ఉంటుంది: అతినిద్ర, అన్నం మీదా తీపి మీదా యావ. పొద్దున వెలుగు కంట్లో పడక ఒంట్లో గడియారం వెనకబడిపోవడం ఒక కారణమంటారు.

మందు ఏమిటంటే ఒక దీపం. పెద్ద పుస్తకమంత ఉంటుంది, 10,000 లక్స్ వెలుగు. పొద్దున లేవగానే దాని ముందు అరగంట కూర్చోవాలి. కళ్ళు తెరిచే ఉండాలిగాని సూటిగా దానివంక చూడకూడదు. షుగరుందా, రెటీనా జబ్బేమైనా ఉందా అని కనుక్కున్నాకే కొనుక్కోమంది. దాంట్లోంచి అతినీలలోహిత కిరణాలు రావు, కాబట్టి డీ మాత్రల దారి మాత్రలదే.

బయట కటిక చీకటి. డైనింగ్ టేబుల్ మీద కుక్కర్ పక్కన ఆ పెట్టె, దాని ముందు పంచె కట్టుకుని నేను. "మావయ్యగారూ, హారతి వేళయింది" అని కోడలు రోజూ నవ్వేది. మొదట్లో తలనొప్పి తప్ప ఏమీ తెలియలేదు. డబ్బు దండగనుకున్నాను.

రథసప్తమికి తమ్ముడు జిల్లేడాకులు నెత్తిన పెట్టుకుని కాలవలో మునిగొచ్చి ఫోన్ చేశాడు. ఈసారి అరగంట మాట్లాడాను. ఫోన్ పెట్టేశాక బాల్కనీ తలుపు తీస్తే కళ్ళు చెదిరే ఎండ, మైనస్ 28, ముక్కులో వెంట్రుకలు బిర్రబిగిసిపోయాయి. మన దగ్గర ఎండ కాసిందంటే ఒళ్ళు చురుక్కుమనాల్సిందే. అక్కడ వెలుగు ఫిబ్రవరిలోనే తిరిగొస్తుంది, వేడికి మాత్రం ఏప్రిల్ దాకా ఆగాలి. నాకు మొదటిది చాలింది.

మధ్యలో మళ్ళీ జారాను. మార్చిలో గడియారాలు గంట ముందుకి తిప్పుతారు, దాంతో పొద్దుటి చీకటి మళ్ళీ వచ్చిపడింది. పైగా వరసగా మంచు. దీపం మానొద్దని డాక్టరు ముందే చెప్పింది గనక సరిపోయింది.

అక్కడి వసంతం చూడ్డానికి ఏమంత బాగుండదు. ఎక్కడ చూసినా బురద, నల్లబడిన మంచు కుప్పలు, చలికాలమంతా రోడ్ల మీద చల్లిన ఇసుక. అయితే టీవీలో వరద హెచ్చరిక అనగానే లేచి కూర్చున్నాను. 86లో గోదారి వరద చూసినవాణ్ణి మరి! రెడ్ నది ఉత్తరానికి పారుతుంది. ఎగువన మంచు ముందు కరుగుతుంది, దిగువన ఇంకా గడ్డకట్టే ఉంటుంది, నీళ్ళెటు పోతాయి? అందుకని ఊరి చుట్టూ 47 కిలోమీటర్ల వరద కాలవ తవ్వి 1968కి పూర్తిచేశారు. పట్టుబట్టి తవ్వించిన ప్రీమియర్ (అక్కడి ముఖ్యమంత్రి) పేరు డఫ్ రోబ్లిన్. దండగమారి ఖర్చని, డఫ్ గారి గుంట అని వెక్కిరించారట. 1997లో పెద్ద వరదొచ్చినప్పుడు ఊరిని కాపాడింది ఆ గుంటే. అబ్బాయిని వేధించి, వెళ్ళి లాకులు చూసి, షట్టర్లు ఎలా లేపుతారో బోర్డు మీద చదువుకుని వచ్చాను. మా ఆవిడ దారంతా నా మొహం చూస్తూనే ఉంది.

ఇంటికొచ్చేసరికి మా ఊళ్ళో దాళ్వా కోతలు. వచ్చేముందు రోజు కోడలొక మాట చెప్పింది. మూడేళ్ళుగా చలికాలం వస్తే తనకీ ఇలాగే ఉంటోందట. బద్ధకమని అందరూ అనుకుంటారని నోరు విప్పలేదట. నేను లేచాక ఆ దీపం ముందు తనూ కూర్చునేదట. ఆఫీసు పని చేసుకుంటోందనుకున్నాను. అది వేరే సంగతి, డాక్టరుకి నువ్వూ చూపించుకోమ్మా అన్నాను, చూపించుకుంది. దీపం అక్కడే వదిలేసి వచ్చాను. చలి ముదిరేదాకా ఆగకుండా ముందే మొదలుపెట్టమన్నారట. "అక్టోబరు రాగానే మీరే ఫోన్ చేసి గుర్తు చెయ్యండి మావయ్యగారూ, నేను మర్చిపోతాను" అంది. క్యాలెండర్లో రాసిపెట్టుకున్నాను.