200 గంటల కోసం ఒక హెడ్‌సెట్

మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్సు రావాలంటే 200 గంటలు ఎగరాలి. మా బ్యాచ్‌లో అందరికీ ఆ గంటల్లో సింహభాగం సెస్నా 172 అనే చిన్న శిక్షణ విమానంలోనే గడుస్తుంది కనుక, సొంత హెడ్‌సెట్ కొనాలా, కొంటే ఎంత పెట్టాలి అన్న ప్రశ్న ఫ్లయింగ్ స్కూల్లో చేరిన మొదటి వారంలోనే ఎదురైంది. ఫీజులకే ఇల్లు గుల్లయిన స్థితిలో నాకు ఆ నిర్ణయానికి ఆరు వారాలు పట్టింది.

మొదటి పది గంటలూ స్కూలువాళ్ళు ఇచ్చిన హెడ్‌సెట్‌తోనే ఎగిరాను. చెవుల చుట్టూ కూర్చునే మెత్తలు, అంటే ఇయర్ సీల్స్, పాత పరుపులో దూదిలా అణగారిపోయి, అంచుల్లో పగుళ్ళు తేలి ఉండేవి. ఒకరోజు సర్క్యూట్‌లో, అంటే రన్‌వే చుట్టూ తిరిగే దారిలో, ఉండగా కంట్రోల్ టవర్ ‘ఎక్స్‌టెండ్ డౌన్‌విండ్’ అంది, అంటే రన్‌వేకు సమాంతరంగా ఇంకొంత దూరం పొమ్మని; నాకు చివరి ముక్క మాత్రమే వినపడింది, అలవాటు ప్రకారం బేస్‌కి, అంటే దిగడానికి రన్‌వే వైపు మళ్ళే మలుపుకు, తిరగబోయాను. ఇన్‌స్ట్రక్టర్ యోక్ (విమానాన్ని తిప్పే చక్రం) పట్టుకుని ఆపారు. కిందికి దిగాక ఆయన తిట్టలేదు కానీ, “రేపు కళ్ళద్దాలు తీసి ఒకసారి విని చూడు” అన్నారు. ఆ మాట విలువ నాకు తరువాత తెలిసింది.

హెడ్‌సెట్ ధరలు అర్థం కావాలంటే ముందు అది ఆపాల్సిన విమానం మోత ఎక్కడిదో తెలియాలి. ఇంజను నిమిషానికి 2,400 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 40 చుట్లు; ప్రొపెల్లర్‌కు రెండు రెక్కలు కనుక మన చెవిని తాకే ప్రధానమైన హోరు 80 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. నాలుగు సిలిండర్ల ఇంజను పేలుళ్ళు కూడా సెకనుకు సరిగ్గా అన్నే. ఇంత మంద్రమైన ధ్వనిని చెవులను కప్పే ప్లాస్టిక్ చిప్పలు, స్పాంజీ అంతగా ఆపలేవు. గాలి ఈలనూ, రేకుల గలగలనూ మాత్రం బాగానే ఆపుతాయి. ఇలా చిప్పలు, స్పాంజీలతోనే మోతను ఆపే రకాన్ని ప్యాసివ్ అంటారు. ఏఎన్ఆర్ (యాక్టివ్ నాయిస్ రిడక్షన్) రకంలో చిప్ప లోపల ఉన్న చిన్న మైకు ఆ హోరును విని, దానికి సరిగ్గా ఎదురు తరంగాన్ని స్పీకరు ద్వారా పంపి రద్దు చేస్తుంది. అందుకే అది మంద్రస్థాయిలో మెరుగ్గా పనిచేస్తుంది. స్విచ్ వేయగానే విమానం ఏదో గ్లైడర్‌గా మారిపోయినట్టు అనిపిస్తుందంటే అతిశయోక్తి కాదు.

ఈ ఆలోచన 1978లో విమాన ప్రయాణం చేస్తూ ఉన్నప్పుడు బోస్ కంపెనీ స్థాపకుడు అమర్ బోస్‌కు తట్టిందనీ, ఆ కంపెనీ పైలట్ల హెడ్‌సెట్ 1989లో మార్కెట్లోకి వచ్చిందనీ చెబుతారు. ఆ కంపెనీ నేటి మోడల్ ఏ30 ధర 1,200 డాలర్లు దాటుతుంది. దానిని తీసిపారేయను; కానీ 200 గంటల లెక్కన చూస్తే గంటకు 6 డాలర్ల పైమాటే.

మధ్యలో కొంత కాలం చౌక ఏఎన్ఆర్ మీదికి మనసు పోయింది. తోటి విద్యార్థి దగ్గర ఉన్నదాన్ని ఒక సార్టీకి, అంటే ఒకసారి ఎగరడానికి, అరువు తెచ్చుకున్నాను. మొదటి ముప్పావు గంట స్వర్గమే. ఆ తరువాత బ్యాటరీ అయిపోయింది. తేలికగా ఉండాలని చిప్పలను పలుచగా, పట్టును వదులుగా చేసిన ఆ హెడ్‌సెట్ ఆ క్షణం నుంచి స్కూలు హెడ్‌సెట్ కంటే హీనమైపోయి, చెవిలో జోరీగ దూరినట్టయింది. ఏఎన్ఆర్ కొనేవారు దుకాణంలో స్విచ్ వేసి మురిసిపోవడం కాదు, స్విచ్ కట్టేసి కూడా ఇంజను మోతలో ఒకసారి వినాలి.

చివరికి నేను కొన్నది డేవిడ్ క్లార్క్ వారి ఆకుపచ్చ చిప్పల హెచ్10-13.4. అన్నయ్య అమెరికా నుంచి వస్తూ తెచ్చాడు. పూర్తిగా ప్యాసివ్, బ్యాటరీతో పని లేదు, మోత తగ్గింపు 23 డెసిబెల్స్ అని రాసి ఉంటుంది. అరకిలో బరువు, గట్టి పట్టు. మొదటి వారం నడినెత్తి నొప్పి పుట్టింది. పైగా ఆ 23 అన్నది మెత్త చర్మానికి చుట్టూ అతుక్కున్నప్పటి లెక్క. నా కళ్ళద్దాల కాడలు మందమైనవి కావడంతో చెవి వెనుక సన్నని సందు ఏర్పడి, మోతంతా అక్కడినుంచే లోపలికి వచ్చేది. ఇన్‌స్ట్రక్టర్ చెప్పింది ఇదే. ఇంజను నడుస్తుండగా రెండు చిప్పలనూ అరచేతులతో తలకేసి నొక్కి చూడండి. మోత ఒక్కసారిగా తగ్గితే సందు ఉన్నట్టే. పలుచని కాడల కళ్ళద్దాలు చేయించుకున్నాను, జెల్ మెత్తలు వేయించాను. వేల రూపాయల తేడా ఉన్న మోడళ్ళ మధ్య కనిపించని మార్పు ఆ రెండింటితో కనిపించింది.

అయినా లోటు లోటే. లైసెన్సుకు తప్పనిసరి అయిన 300 నాటికల్ మైళ్ళ క్రాస్ కంట్రీ (దూరప్రయాణం) దాదాపు మూడు గంటలు సాగింది, దిగాక కూడా తలలో ఆ హోరు వదలలేదు. ఎనిమిది గంటలకు 85 డెసిబెల్స్ హద్దు అనీ, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగానికి తగ్గుతుందనీ అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ చెబుతుంది కనుక దీన్ని మొండిగా ఓర్చుకోవడం మంచిది కాదు. అప్పటినుంచి దూరప్రయాణాల్లో లోపల స్పాంజీ ఇయర్ ప్లగ్‌లు పెట్టుకుని, వాల్యూం కొంచెం పెంచుకుంటున్నాను. మాటలు నిక్షేపంగా వినపడుతున్నాయి.

కొనేముందు ప్లగ్గు చూసుకోండి. సెస్నాకు రెండు ప్లగ్గులది కావాలి. హెలికాప్టర్లకు అమ్మేది సాధారణంగా ఒంటి ప్లగ్గుది, ధర తక్కువని అది తెప్పించుకున్న మా జూనియర్ ఇప్పుడు అడాప్టర్ కోసం తిరుగుతున్నాడు. రేపు ఎయిర్‌బస్ ఏ320 ఎక్కే అదృష్టం పడితే అక్కడ ఐదు పిన్నుల సాకెట్ ఉంటుంది. అందుకే ఇప్పుడే అప్పు చేసి ఏ30 కొంటానన్న మా రూమ్మేట్‌ను ఇంకా ఆపుతూనే ఉన్నాను.