సంగటిని అనుమానించిన రోజులు: అజీర్తితో నా అనుభవం

యాభై రెండేళ్లు వచ్చేదాకా ఏది తిన్నా అరిగించుకున్న నాకు, నిరుడు శ్రావణమాసంలో నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండిపోయినట్టు ఉండడం, రొమ్ము ఎముకకు కింద బరువుగా ఉండి పులితేన్పులు రావడం మొదలైంది. మొదట పండగ ఓళిగలే, ఆ తర్వాత రాత్రి తినే సంగటే కారణమనుకుని వాము నమిలాను, జీలకర్ర కాచిన నీళ్లు తాగాను. సోడా తాగితే పెద్ద తేన్పు ఒకటి వచ్చి పది నిమిషాలు హాయిగా ఉండేది, ఆ తర్వాత మళ్లీ అదే బరువు.

ఒక రాత్రి ఆ బరువు ఛాతీ మధ్యకు ఎక్కి చెమటలు పట్టాయి. "గ్యాసని మీరే తేల్చుకుంటే ఎట్లా? లేయండి, ఆసుపత్రికి పోదాం" అని మా ఇంటావిడ పట్టుబట్టింది. అనంతపురంలోనే ఒక ఆసుపత్రిలో ఈసీజీ తీసి, గుండె కండరం దెబ్బతిన్నదేమో చూసే రక్తపరీక్షను కొన్ని గంటల తేడాతో రెండుసార్లు చేశారు. గుండెలో లోపం లేదని తేలింది. అయినా ఆమె చేసిందే సరైన పని. చెమట, ఆయాసం, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి ఉన్నప్పుడు సోడా తాగుతూ తెల్లవారేదాకా ఎదురుచూడకూడదు.

మర్నాడు చూసిన డాక్టరు గారు బరువు తగ్గానా, మలం తారులా నల్లగా వస్తోందా, మింగేటప్పుడు ముద్ద అడ్డుపడుతోందా, వాంతిలో రక్తం పడిందా అని అడిగారు. అన్నిటికీ లేదన్నాను. వేరే మందులేవీ వాడడం లేదని కూడా చెప్పాను. "నొప్పి మాత్రలు?" అని ఆయన మళ్లీ అడిగినప్పుడు గానీ, మోకాలి కోసం మూడు వారాలుగా పరగడుపున కాఫీతో వేసుకుంటున్న డైక్లోఫినాక్ నాకు గుర్తుకు రాలేదు. దాన్ని నేను మందుగా లెక్కపెట్టనే లేదు. జీర్ణాశయం లోపలి పొరను ఆమ్లం నుంచి కాపాడే పదార్థాల తయారీని ఆ మాత్ర తగ్గిస్తుందని చెప్పి ఆయన వెంటనే మాన్పించారు. జీర్ణాశయంలో పుండ్లకు కారణమయ్యే హెలికోబాక్టర్ పైలోరీ క్రిమి కోసం మలపరీక్ష చేయించి, అది లేదని తేలాక, ఉదయం టిఫినుకు అరగంట ముందు వేసుకోమని, ఆమ్లాన్ని తగ్గించే పాంటోప్రజోల్ మాత్ర నాలుగు వారాలకు రాశారు. ఆ మాత్ర మొదలుపెట్టాక పరీక్ష చేస్తే క్రిమి ఉన్నా కనిపించకపోవచ్చట, అందుకే పరీక్ష ముందు పెట్టారు.

తిన్నదీ, తిన్న వేళా రాసుకోమన్నారు. మా అమ్మాయి సగం వాడి వదిలేసిన నోటుబుక్కులో రాశాను. ఒక పేజీలో "రాత్రి 10:20, సంగటి, శెనక్కాయల ఊరిబిండి. 10:45 పడక. 12:10 పులితేన్పు, గుండెల్లో మంట" అని ఉంది. నాలుగు రోజుల తర్వాతి పేజీలో "7:30, సంగటి, ఊరిబిండి. 10:30 పడక. ఏమీ లేదు" అని ఉంది. అన్నాళ్లూ నేను అనుమానించిన సంగటి రెండు పేజీల్లోనూ ఉంది, మారింది వేళ ఒక్కటే. అప్పటి నుంచి పడుకోవడానికి కనీసం రెండు మూడు గంటల ముందే భోజనం ముగిస్తున్నాను, మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టాను.

మూడో వారానికి ఆ బరువు పోయింది. మోకాలికి ఇప్పుడు పైపూత మందు రాస్తున్నాను, తప్పనప్పుడు డాక్టరు గారు చెప్పిన మోతాదులో పారాసెటమాల్ వేసుకుంటున్నాను. మెట్లెక్కేటప్పుడు నొప్పి ఇంకా ఉంది. ఆదివారం ఉదయం ఉగ్గానితో మిరపకాయ బజ్జీలు రెండు తింటున్నాను, వాటి పక్కన నోటుబుక్కులో ఇంతవరకు ఏమీ రాయవలసి రాలేదు.