మేనమామ కొన్న పింక్ గౌను

పోయిన ఏడాది ఆగస్టులో, ఒక వానరోజు సాయంత్రం అమ్మ ఫోన్ చేసి "మేనమామవయ్యావురా" అంది. అక్కకి సిజేరియన్. ఆడపిల్ల, 2.8 కిలోలు. "వచ్చేటప్పుడు బిడ్డకి కావలసినవి పట్రా" అని పెట్టేసింది.

మా ఇంట్లో బిడ్డ పుట్టకముందు ఏమీ కొనకూడదు. తొమ్మిది నెలల్లో ఎప్పుడు ఆ మాటెత్తినా అమ్మమ్మ కళ్లురిమేది. అందుకని అన్నీ ఆ ఒక్క రాత్రే కొనాల్సి వచ్చింది. బిడ్డకి ఏం కావాలో నాకేం తెలుసు? వైజాగ్‌లో జగదాంబ దగ్గర షాపువాళ్లు షట్టర్ దించబోతుంటే దూరాను. కుర్రాడు చూపించిందల్లా కొన్నాను. పింక్ రంగు నెట్ గౌను 1,150 రూపాయలు. బొటనవేలంత బూట్లు. పౌడరు, నూనె, సబ్బు సర్దిన గిఫ్ట్ బాక్సు. పాలసీసాల సెట్టు. పుట్టిన పిల్లల సైజు డైపర్లు ఒకేసారి నాలుగు పెద్ద ప్యాకెట్లు.

ఆసుపత్రిలో సంచులు దించగానే అమ్మమ్మ గౌను ఎత్తి చూసి, "ఏటిరా ఇది? పిల్లకి పెళ్లేటి?" అంది. తన గుడ్డసంచిలోంచి ఒక మూట తీసింది. పాత నేతచీరలు చింపి, అంచులు మడిచి కుట్టిన పొత్తిగుడ్డలు, ముప్పై దాకా ఉన్నాయి. ఉతికి ఉతికి వెన్నలా అయిపోయిన గుడ్డ. కొనకూడదన్నారు గానీ చింపకూడదని ఎవరూ అనలేదు కదా! నేను తెచ్చినవాటికి ఇంకా గంజి వాసన పోలేదు. కొత్త బట్ట ఏదైనా ఒకసారి ఉతికి ఆరేశాకే పసిపిల్లకి వాడాలని నాకు అప్పుడే తెలిసింది.

పాలసీసాల పెట్టె చూసి నర్సు "అది సంచిలోనే ఉంచండి" అంది. మర్నాడు పిల్లల డాక్టరు గారు కూడా అదే చెప్పారు: ఆరు నెలల దాకా తల్లిపాలే, మంచినీళ్లు కూడా వద్దు, తేనె నాకించడం అసలొద్దు. మన దేశంలో పాలసీసాలకీ డబ్బాపాలకీ ప్రకటనలు ఇవ్వకూడదని 1992లోనే చట్టం వచ్చిందట. నేనేమో రిబ్బను కట్టించి మరీ తీసుకెళ్లాను. పౌడరు కూడా వద్దన్నారు, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుందట. బొడ్డుకి ఏమీ రాయకుండా పొడిగా ఉంచితే చాలు, అదే ఊడిపోతుందన్నారు. అలాంటి గిఫ్ట్ బాక్సులు తర్వాత చుట్టాల నుంచి ఇంకో ఆరు వచ్చాయి. సబ్బులు మేమే వాడుకున్నాం. ఇప్పటికీ మా ఇంట్లో అందరి దగ్గరా చంటిపిల్లల వాసనే.

గౌను సంగతి కూడా చెప్పాలి. మెడ నిలవని పిల్లకి తలమీదుగా గౌను తొడగడం ఎంత పనో చేస్తే గానీ తెలీదు. అక్క తల పట్టుకుంటే, నేను చెయ్యి దూర్చబోతే, పిల్ల ఎర్రగా కందిపోయి ఏడ్చింది. ఫోటో తీసేంతసేపు వేశాం, నాలుగు నిమిషాలు. పనికొచ్చినవి ముందువైపు తెరుచుకుని, పక్కన నాడాలు ముడేసుకునే జబ్లాలు, 60 రూపాయలవి. పిన్నీసులతో పని ఉండకూడదు. మా ఇల్లు పెదవాల్తేరులో. సముద్రపు గాలికి పిన్నీసు నెల తిరక్కుండా తుప్పు పడుతుంది.

ఇంటికొచ్చాక అసలు కష్టం మొదలైంది. పిల్ల రోజుకి పది పన్నెండుసార్లు పాలు తాగేది, తాగినప్పుడల్లా తడిపేది. రోజుకి పాతిక గుడ్డలు. బయట వాన, లోపల ఉక్కపోత. ఏవీ ఆరవు. హాల్లో కిటికీ ఊచ నుంచి దేవుడి గది తలుపు దాకా తాడు కట్టాం, ఫ్యాను ఐదులో పెట్టాం, అన్నం తినేటప్పుడు తలమీద లంగోటీలు వేలాడేవి. అమ్మ ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టేది. వారం చూసి, మడతపెట్టుకునే బట్టల స్టాండొకటి ఆర్డర్ చేశాను. స్టీలుది, 1,800 రూపాయలు. ఇనుపది కొంటే మాత్రం మా పిన్నీసుల గతే. స్టాండు విప్పి ఫ్యాను కింద నిలబెట్టగానే అక్క మంచం మీద నుంచే "ఇన్నాళ్లకి ఒక్కటి పనికొచ్చేది తెచ్చావురా" అంది.

పనికొచ్చే రెండో వస్తువేదో ఒక రాత్రి మూడింటికి తెలిసింది. అమ్మకి జ్వరం వచ్చి ఆ రాత్రి డ్యూటీ నాకు పడింది. పిల్ల నోరు పెట్టిన రెండు నిమిషాలకే అక్కకి గొంతు ఆరిపోయేది. నీళ్ల సీసా బల్లమీదే ఉంది, రెండడుగుల దూరం. కానీ ఒళ్లో పిల్ల, పొట్టకి కుట్లు, మూత తిప్పడానికి రెండో చెయ్యి లేదు. అలా ఎన్ని రాత్రులు గొంతెండి కూర్చుందో మాకు చెప్పలేదు. మర్నాడే స్ట్రా ఉన్న సీసా కొని మంచం కమ్మీకి తగిలించాను. "బాలింత అన్నేసి నీళ్లు తాగితే పొట్ట పెరుగుతాది" అని అమ్మమ్మ గొడవ. దాహమేస్తే తాగాల్సిందేనని డాక్టరు. చివరికి ఫ్లాస్కులో గోరువెచ్చని వాము నీళ్లు పెట్టాం, ఇద్దరి మాటా నెగ్గింది.

ఆ రాత్రే అక్క అంది, "చూడ్డానికొచ్చినవాళ్లు ఏడు చీరలు పెట్టార్రా. ఒక్కటీ కట్టుకోలేను." ఏం కావాలంటే సిగ్గుపడుతూ నైటీలంది. పూర్ణా మార్కెట్ దగ్గర ఒక షాపులో, వేరే ఎవరూ లేనప్పుడు చూసి, పాలిచ్చే తల్లికని అడిగాను. షాపావిడ నవ్వకుండా అన్నీ చెప్పింది: జిప్పు రెండు పక్కలా ఉన్నది తీసుకోమంది, మధ్యలో ఉంటే బిడ్డ బుగ్గకి ఒరుసుకుంటుందట. ఒక సైజు వదులు, మెత్తటి కాటన్, పాల మరక కనబడని ముదురు రంగు పువ్వులు. మూడు కొన్నాను. పిల్ల పేరు మీద నేను పెట్టిన ఖర్చంతా ఒకెత్తు, ఆ మూడు నైటీలూ ఒకెత్తు.

ఎదురింటి ఆంటీ మాత్రం షాపులో దొరికేదేమీ తేలేదు. అమ్మకి జ్వరం తగ్గేదాకా రోజూ పదకొండింటికి స్టీలు క్యారేజీ పంపింది. బీరకాయ కూర, వెల్లుల్లి కారం, మిరియాల చారు, పైన నెయ్యి. మొదటిరోజే గుమ్మంలో నిలబడి అమ్మతో చెప్పింది: "వదినగారూ, గిన్నెలు కడక్కండి, ఖాళీ గిన్నె ఎలా ఇవ్వాలని ఏదీ వండి పెట్టకండి. బయట పెట్టేయండి, నేనే తీసుకుంటా." లోపలికి కూడా రాలేదు. పిల్లని తొలిసారి ఎత్తుకున్నది ఇరవై ఒకటో రోజు బారసాలకే.

బారసాలకి వెండి గిన్నెలు, గొడుగులా తెరుచుకునే దోమతెరలు రెండు, ఏడాది సైజు ఫ్రాకులు వచ్చాయి. దోమతెరలు రెండూ వాడాం. డెంగీ దోమ పగలే కుడుతుంది మరి, హాల్లో ఒకటి, గదిలో ఒకటి. ఏడాది సైజు తెచ్చినవాళ్లు తెలివైనవాళ్లు, ఇప్పుడు అవే వేస్తున్నాం. నా డైపర్లలో రెండు ప్యాకెట్లు విప్పకుండానే పిల్లకి బిగుతైపోయాయి.

పోయిన నెల మా ఆఫీసులో ఒకతనికి కొడుకు పుట్టాడు. తలా కొంత వేసుకుంటే 3,400 అయ్యింది. సీతమ్మధారలో మంచి గిఫ్ట్ షాపుంది, పెద్ద టెడ్డీ కొందామన్నారు. నేను పక్కకెళ్లి అతనికే ఫోన్ చేశాను. శుభాకాంక్షలు చెప్పి, "మీ హాల్లో తాడు కట్టుకునే చోటుందా?" అని అడిగాను.

కాసేపు అవతల మాట లేదు. తర్వాత "ఎందుకన్నా?" అన్నాడు. వెనకాల పిల్లాడి ఏడుపు, ఫ్యాను ఫుల్లు స్పీడులో తిరుగుతున్న చప్పుడు వినిపిస్తున్నాయి.