సముద్రం చూడ్డానికి సముద్రం దాటాలా?

అండమాన్ పోదాం అని ఇంట్లో చెప్పగానే మా నాయన అన్న మాట ఇది. "ఏందిరా, సముద్రం చూడ్డానికి సముద్రం దాటి పోవాలా? మైపాడు పాతిక కిలోమీటర్లే గదా." ఆయన చెప్పింది తప్పని చెప్పలేను, నెల్లూరోళ్ళకి సముద్రం కొత్తా?

ముందు తేదీల గొడవ. పిల్లలకి దసరా సెలవులు ఉన్నాయి గానీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండం అనే మాట వింటేనే మనకి టెన్షన్, అక్కడున్నదీ అదే బంగాళాఖాతం, గాలి ఎక్కువైతే దీవుల మధ్య తిరిగే పడవలు ఆపేస్తారు. సంక్రాంతికి ఇల్లు వదిలి రమ్మంటే అమ్మ ఒప్పుకోదు. చివరికి ఫిబ్రవరి. స్కూలుకి నాలుగు రోజులు ఎగ్గొట్టించాలి, టీచర్లతో మాట్లాడే పని మా ఆవిడకి అప్పజెప్పాను.

చెన్నై నుంచి ఓడలో పోదామని నాకు చిన్నప్పటి ఆశ. దాదాపు మూడు రోజులు పడుతుందని తెలిసి మా ఆవిడ ఒక చూపు చూసింది, అంతే, విమానం టికెట్లు చూశాను. రెండు గంటల పైచిలుకు ప్రయాణం. పొద్దున్నే విమానం కాబట్టి ముందురోజు రాత్రికే చెన్నై చేరాలి. ఇంకోటి, విమానం దిగే ఊరు పోర్ట్ బ్లెయిర్‌కి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు, అక్కణ్ణించి పడవలో పోయే హావ్‌లాక్ దీవికి 2018లోనే స్వరాజ్ ద్వీప్ అని పెట్టారు. ఒకచోట పాత పేరు, ఒకచోట కొత్త పేరు కనపడితే వేరే ఊళ్ళని కంగారు పడొద్దు, నేను పడ్డాను.

అసలు జాగ్రత్త తిరుగు ప్రయాణం దగ్గర. ఒక ట్రావెల్స్ అతను ఇచ్చిన ప్లాన్‌లో పొద్దున హావ్‌లాక్‌లో పడవ, మధ్యాహ్నం విమానం. ఆ పడవ రద్దయితే? మేం ఆరుగురం ఒడ్డున కూర్చుని విమానం పోతుంటే చూడాలి. అందుకే హావ్‌లాక్ రోజులు ముందు పెట్టి, చివరి రోజు మొత్తం పోర్ట్ బ్లెయిర్‌కే వదిలేశాను, సెల్యులార్ జైలు నింపాదిగా చూడొచ్చు. జైలు మ్యూజియానికి సోమవారం సెలవు, అదీ చూసుకున్నాను. పైగా నాకు స్కూబా పిచ్చి ఉంది, అదే గాలి సిలిండర్ కట్టుకుని సముద్రం లోపల ఈదడం, అలా దిగాక విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగడం మంచిదంటారు కాబట్టి ఆ లెక్కా కుదిరింది.

అక్కడ పొద్దు మనకంటే ముప్పావు గంట పైనే ముందు గుంకుతుంది, సాయంత్రం అయిదున్నరకల్లా చీకటి. హావ్‌లాక్‌లోని రాధానగర్ బీచ్‌కి నాలుగుకే పోవాలి. అది పడమటి ఒడ్డు. మైపాడులో అయినా కొత్తపట్నంలో అయినా పొద్దు నీళ్ళలోంచి లేస్తుందే గానీ నీళ్ళలోకి దిగదు, మన సూర్యుడు గుంకేది వెలిగొండల వైపు. ఆ మాటే నాయనకి చెప్పాను. డెబ్భై ఏళ్ళుగా సముద్రం పక్కనున్నావు, అందులో పొద్దు గుంకడం ఎప్పుడైనా చూశావా నాయనా అని.

ఏమీ అనలేదు. పొద్దున చూస్తే బీరువాలో ఆధార్ కార్డు వెతుకుతున్నాడు.