కృష్ణుడు లేని గుడి చూడ్డానికి ఉదయగిరి పొయ్యొచ్చాం

పుట్టి పెరిగింది నెల్లూరే అయినా నలభై ఏళ్ళొచ్చేదాకా ఉదయగిరి దుర్గం ఎక్కలేదంటే నాకే సిగ్గుగా ఉంది. హంపికి మాత్రం మూడుసార్లు పొయ్యాను. చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో కూర్చోనున్న బాలకృష్ణుడి రాతి విగ్రహం ముందర నిలబడి ఫోటో కూడా దిగాను, అది మా జిల్లా నుంచి పొయిన కృష్ణుడని అప్పుడు తెలీదు. మూడోసారి హంపి పొయినప్పుడు కృష్ణాలయం దగ్గర గైడు చెప్పాడు, కృష్ణదేవరాయలవారు ఉదయగిరి గెలిచి ఆడ్నించి బాలకృష్ణుణ్ణి తెచ్చి 1515లో ఈ గుళ్ళో పెట్టించాడు, శాసనంలో కూడా ఉంది, ఆ విగ్రహం ఇప్పుడు మద్రాసు మ్యూజియంలో ఉంది అని. ఓర్నీ, ఇంటి పక్క దేవుణ్ణి చూసేదానికి ఇంత తిరిగానా అనుకున్నా.

అందుకే ఈ జనవరిలో మా బావని లేపి తెల్లారుజామున అయిదింటికే బండి తీశాం. వంద కిలోమీటర్లకి అటూ ఇటూ ఉంటది. సంగం దాటాక వెనక టైరు పంక్చరు, షాపు తెరిచేదాకా గంట కూర్చున్నాం, దాని గురించి ఇంకేం చెప్పను. ఆత్మకూరు దాటి ఇంకా ముందుకి పోతావుంటే కొండ కనబడడం మొదలైంది, అంతసేపూ బల్లపరుపు నేల చూసిన కళ్ళకి అది గోడ లేచినట్టే ఉంది.

ముందు కృష్ణ మందిరం దగ్గరికి పొయ్యాం. కూర్చోని బీడీ కాలుస్తున్న ఒక పెద్దాయన్ని "కృష్ణుడు యాడున్నాడు పెద్దాయనా" అని అడిగితే "ఆయన పొయి అయిదొందల ఏళ్ళయింది కదబ్బయా, ఇప్పుడొచ్చి అడుగుతుండావే" అన్నాడు, మా బావ నవ్వలేక చచ్చాడు. లోపలికి పొయి నిలబడితే గబ్బిలాల వాసన, గర్భగుడిలో చీకటి, చల్లదనం. దీపం లేదు, పువ్వు లేదు. బయట మండపంలో రాతి స్తంభాలు మాత్రం గట్టిగానే ఉన్నాయి. ఒక స్తంభం మూల మీద చెయ్యి పెట్టి చూశా, చెక్కిన పువ్వు రేకుల అంచులు ఇంకా వేలికి తగులుతున్నాయి, దాని పక్కనే ఎవడో ప్రేమికుడు ఆయిల్ పెయింటుతో గుండె బొమ్మేసి రెండక్షరాలు రాసిపెట్టాడు. వాడి చేతులు విరగ్గొట్టాలనిపించింది, నిజంగా.

తర్వాత దుర్గం. కొండ సముద్రమట్టానికి 3,079 అడుగులు అంటారు, కింద నుంచి చూస్తే నమ్మబుద్ధవుతుంది. పాత గెజిటీర్‌లో, అంటే ఇంగ్లీషోళ్ళ కాలం నాటి ప్రాంతాల వివరాల పుస్తకంలో, ఇక్కడ మొత్తం 13 కోటలుండేవని ఉంది, 8 కొండ మీద, 5 కింద. మెట్లున్నాయి గానీ సగం చోట్ల ముళ్ళకంప మూసేసింది, ఎలుగుబంట్లు ఉంటాయి, తెలిసినోళ్ళు లేకుండా పోవద్దని కింద టీ కొట్టాయన ఒక కుర్రోణ్ణి తోడిచ్చాడు, లేకపోతే దారి తప్పేవాళ్ళమే. అరగంట ఎక్కేసరికి నా పనైపోయింది. "ఏరా, రాయలు ఏడాదిన్నర ముట్టడేశాడంటే ఏందో అనుకున్నా, నీకు అరగంటకే ఆయాసం" అని బావ ఒకటే ఎగతాళి.

ఆ ముట్టడి సంగతి మెట్ల మీద కూర్చున్నప్పుడే అర్థమైంది. 1513లో మొదలుపెడితే 1514లో గానీ కోట చేతికి రాలేదు. ఒక పక్క నిలువు కొండచరియ, ఇంకో పక్క దారి ఎక్కడ మలుపు తిరిగితే అక్కడ పైన ఒక గోడ, ఆ గోడ వెనక నిలబడ్డోడు రాయి దొర్లించినా చాలు కింద సైన్యం గోవిందా. అందుకే రాయలు బండలు కొట్టించి దారులు చేయించాడంటారు. అప్పుడు ఈ కోటనేలుతున్న ఒడిశా రాజు గజపతి, ఆయన బంధువు తిరుమల రౌతరాయణ్ణి పట్టుకుని, తిరిగి పోతా పోతా 1514 జులైలో తిరుమల ఎక్కి స్వామికి 30,000 బంగారు నాణేలతో కనకాభిషేకం చేయించాడు. ఇంత కష్టపడి గెలిచినోడు కృష్ణుణ్ణి ఈడ వదిలి పోతాడా, పోడు.

గోడల దగ్గర నాకు బాగా నచ్చింది ఒకటి చెప్పాలి. ఒక పెద్ద బండ అంచున వరసగా బెత్తెడు బెత్తెడు ఎడంలో గుంటలున్నాయి, పళ్ళ వరస లాగ. బండని చీల్చేదానికి ఉలితో గుంటలు కొట్టి, కొయ్య మేకులు దిగ్గొట్టి నీళ్ళు పోస్తే కొయ్య ఉబ్బి బండ నిట్టనిలువుగా పగులుతుంది, పాతకాలం రాతి పనోళ్ళ పద్ధతి. ఈ బండ మాత్రం పగలలేదు, గుంటలు కొట్టి వదిలేశారు. మధ్యాన్నం అన్నానికి పొయి మళ్ళీ రాలేదేమో అన్నాడు బావ. ఆ గుంటలో వేలు పెడితే రెండు కణుపులు లోపలికి పొయింది.

పైన మసీదుంది, గోల్కొండ అబ్దుల్లా కుతుబ్ షా కాలం నాటిది, పారసీ శాసనం కూడా ఉంది. గచ్చు అక్కడక్కడా రాలిపోయినా మిగిలింది గోరుతో గీకితే రాలడం లేదు. సున్నం, ఇసకని గానుగలో రుబ్బి బెల్లం నీళ్ళు, కరక్కాయ కషాయం కలిపి మెత్తితే అట్టా గట్టిపడతది. మా కొత్తింటి పిట్టగోడకి రెండేళ్ళకే పగుళ్ళొచ్చాయి, మేస్త్రీని ఒకసారి ఈడికి తీసుకురావాలి. ఎవరి చేతికి వస్తే వాళ్ళు ఈ కొండ మీద ఏదో ఒకటి కట్టారు, ఆఖరికి జాగీర్దారు కుట్ర చేశాడని కంపెనీ దొరలు 1840 ప్రాంతంలో జాగీరు లాక్కున్నాక కట్టేవాళ్ళు లేరు.

దిగేసరికి నాలుగైంది, కాళ్ళు వణుకుతున్నాయి. ఊళ్ళో కొయ్య గరిటెలు చేసే ఇంటికి పొయ్యాం, నర్ది కొయ్య, బిక్కి కొయ్య లాంటివి అడివి నుంచి తెచ్చి చేస్తారు, ఈ ఊరి సరుకని చెప్పే జిఐ (భౌగోళిక గుర్తింపు) కూడా వీటికి వచ్చింది. ఒకామె నా ముందే స్పూను తోకని ఆకురాయితో తిప్పి తిప్పి నున్నగా చేసింది, చేత్తో పట్టుకుంటే బరువే లేదు. అరడజను కొన్నా, బేరం ఆడబుద్ధి కాలేదు.

రాత్రి పదకొండుకి ఇల్లు చేరి స్నానం కూడా చెయ్యకుండా పాత ఫోన్ తీసి ఆ ఎగ్మోర్ ఫోటో వెతికా. దొరికింది. నేను కూలింగ్ గ్లాసుతో నిండుగా ఉన్నా, వెనక కృష్ణుడికి మాత్రం తల, ఒక భుజం కనబడతన్నాయి, మిగతాదంతా నేనే అడ్డం.