నల్లగొండ ఎండల్లో వాల్రస్ దంతపు పిడి

అమెరికాలో ఉన్న పిల్లలు అలాస్కా చూసొచ్చి అమ్మానాన్నల చేతిలో పెట్టే వస్తువుల్లో స్క్రిమ్‌షా కత్తి ఒకటి. దాని విలువంతా పిడిలోనే ఉంటుంది. వాల్రస్ (ఉత్తర ధ్రువపు చలి సముద్రాల్లో బతికే పెద్ద కోరల జంతువు) కోరను నున్నగా సాన పట్టి, సూదిమొనతో గీసి, గీతల్లోకి సిరా రుద్ది, పైపైన తుడిచేస్తారు. గీతలో దిగిన సిరాయే బొమ్మ. స్క్రిమ్‌షా అనే పేరు 19వ శతాబ్దపు తిమింగలాల వేట ఓడల మీది నుంచి వచ్చింది గానీ, అలాస్కా మూలవాసులైన ఇనూపియాట్ వాళ్లు ఆ ఓడలు రాకముందే బరమా తిప్పే దంతపు విల్లుల మీద వేట బొమ్మలు చెక్కేవాళ్లు.

ముందు అది ఏ పదార్థమో చూసుకోవాలి. పదింతలు పెద్దగా చూపే లెన్సుతో పిడి చివర కోత చూడండి. వాల్రస్ కోరకు పైపొర నున్నగా, నడిమి భాగం ఉడికి ముద్దకట్టిన రవ్వలాగా ఉంటుంది. సన్నటి నల్ల చుక్కలుంటే ఎముక. అడ్డదిడ్డంగా కోసుకునే గీతలుంటే ఏనుగుది, లేదా ఎప్పుడో అంతరించిన బొచ్చు ఏనుగు మామత్‌ది. కాల్చిన సూది గుచ్చి చూడొద్దు, అసలు దంతానికి కూడా మచ్చ పడుతుంది.

సముద్రపు క్షీరదాలను కాపాడే 1972 నాటి అమెరికా చట్టం అలాస్కా మూలవాసులు వాల్రస్ దంతంతో చేసిన చేతిపనులను అమ్ముకోనిస్తుంది. ‘సిల్వర్ హ్యాండ్’ ముద్ర ఉంటే మూలవాసి కళాకారుల పని అని గుర్తు. దేశం దాటించాలంటే మాత్రం సైటిస్ (వన్యప్రాణుల వ్యాపారం మీద దేశాల మధ్య ఒప్పందం) కాగితాలు కావాలి. అవి లేకుండా సూట్‌కేసులో పెట్టి తేవద్దు, కస్టమ్స్ వాళ్లు పట్టుకుంటే వస్తువు పోతుంది.

ఇక మన దగ్గర అసలు చిక్కు కూలరుతో. మే నెలలో 44 డిగ్రీల ఎండ పడితే పగలంతా కూలరు తడిగాలి కొడుతుంది, ఆపగానే గది ఎండిపోతుంది. దంతం తేమకు ఉబ్బి, ఎండితే కుంచించుకుపోతుంది. లోపలి స్టీలు, ఇత్తడి మేకులు కదలవు. అందుకే పగులు దాదాపు ఎప్పుడూ మేకు పక్కనే మొదలై పిడి పొడవునా పాకుతుంది. కప్పు వేడి దిగే సజ్జ మీద, పడమటి గోడకు ఆనించి పెట్టొద్దు. బీరువా నడిమి అరలో, బాగా ఉతికిన తెల్ల నూలుగుడ్డలో చుట్టి పెట్టండి. తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే చాలు. తోలు ఒరలో ఉంచితే బ్లేడుకు తుప్పు, దంతానికి మరక.

ఇత్తడి మేకులు నల్లబడ్డాయని చింతపండుతో తోమడం అన్నిటికన్నా పెద్ద నష్టం. ఆ పులుపు దంతంలోని సున్నాన్ని తింటుంది. గీతలు గోరుకు తగిలీ తగలనంత లోతే ఉంటాయి కాబట్టి రెండు మూడు తోమడాలకే పడవ తెడ్లు, సీలు జంతువు మీసాలు వంటి సన్న పని చెరిగిపోతుంది. కొబ్బరినూనె కూడా వద్దు, పసుపు పడుతుంది. పొడిగుడ్డతో తుడిచి, ఏడాదికోసారి బియ్యపు గింజంత మైక్రోక్రిస్టలైన్ మైనం పూస్తే చాలు. తినేవి కోయడానికి కత్తిని వాడితే మాత్రం పిడి నీళ్లలో మునగనివ్వకుండా బ్లేడు ఒక్కటే కడిగి వెంటనే ఆరబెట్టాలి.

సన్న పగులు కనిపిస్తే క్విక్ గమ్ పోయొద్దు. అది గీతల్లోకి పారి సిరాను కప్పేస్తుంది, తేమ కుదిరాక మూసుకోవాల్సిన పగులును తెరిచే ఉంచుతుంది. బొమ్మ వెలిసిందని మళ్లీ సిరా రుద్దించొద్దు. వెలిసినా ఆ గీత కళాకారుడి చేతిదే.